ల్యాబ్రడార్‌కి ముందు కాలు తీసేశారు, వీల్‌చైర్ ఏది కొనాలి? రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా?

లడ్డూ_వాళ్ళక్క:

అందరికీ నమస్తే అండి. మాది రాజమండ్రి. మా లడ్డూ ల్యాబ్రడార్, మగపిల్లాడు, ఏడేళ్ళు నిండాయి, బరువు 38 కేజీలు. పోయిన నెల గేటు తీసుందని రోడ్డు మీదకి పరిగెత్తాడు, ఇసుక ట్రాక్టర్ చక్రం ముందు కుడి కాలి మీంచి వెళ్ళిపోయింది. ఎముక నుజ్జయిపోయింది, నరాలు కూడా తెగిపోయాయి, ఇంక కాలు నిలబెట్టలేం అన్నారు. భుజం రెక్క ఎముకతో సహా మొత్తం తీసేశారు. ఆపరేషన్ అయి మూడు వారాలు దాటింది, కుట్లు విప్పేశారు, గాయం శుభ్రంగా ఆరింది, అన్నం బాగానే తింటున్నాడు.

ఇప్పుడు మా బాధేంటంటే నడక. లేచి నిలబడతాడు, గెంతుకుంటూ హాల్లో సగం దూరం వెళ్తాడు, అక్కడ కూలబడిపోతాడు. ఇల్లంతా గ్రానైట్ ఫ్లోరింగ్, ఉన్న ఒక్క ముందు కాలు పక్కకి జారిపోతుంటే మాకు గుండె ఆగిపోతోంది. నాన్నగారైతే చూడలేక ఇవాళే బండి తెప్పించు, ఎంతైనా పర్లేదు అంటున్నారు. ఆన్‌లైన్లో చూస్తే వెనకాల రెండు చక్రాలున్నవి నాలుగైదు వేలకి వచ్చేస్తున్నాయి, నాలుగు చక్రాలది ఒకటి 14 వేలు చెప్తున్నారు, హైదరాబాద్‌లో ఒకాయన కొలతలు పంపిస్తే చేసిస్తానన్నారు కానీ అడ్వాన్స్ మొత్తం ముందే కట్టాలంట.

వీటిలో ఏది మంచిది? బండి అలవాటైపోతే ఇంక సొంతంగా నడవడం మానేస్తాడా? మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, లిఫ్ట్ ఉంది కానీ లిఫ్ట్ దగ్గర్నుంచి గేటుకి ఆరు మెట్లున్నాయి. పగలు ఇంట్లో అమ్మ ఒక్కర్తే ఉంటుంది, తను వాడిని ఎత్తలేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మారేడ్‌పల్లి_మల్లేశ్:

అక్కా, ముందుగాల ఆ వెనక రెండు చక్రాల బండి మాత్రం ఆర్డర్ పెట్టకు. అది వెనక కాళ్ళు పడిపోయిన కుక్కల కోసం చేసింది, మీవాడికి పోయింది ముందు కాలు.

మా చిట్టి ఇండీ కుక్క, అంటే మన నాటు కుక్కే, బైక్ గుద్ది వెనక ఎడమ కాలు తీసేసిన్రు. మేం గూడ గిట్లనే పరేషాన్ అయినం, బండి కొందామని డాక్టర్‌ని అడిగితే ఆయన ఒక్కటే మాట చెప్పిండు, కొన్ని వారాలు ఆగు, ముందు ఇంట్లో ఫ్లోరింగ్ సంగతి చూడు, బరువు సంగతి చూడు, అప్పటికీ నడవకుంటే బండి గురించి మాట్లాడుదాం అని. ఇప్పుడు చిట్టి డాబా మెట్లు ఎక్కి పోతది, పిల్లుల్ని తరుముతది, బండి అవసరమే పడలే. మూడు కాళ్ళ కుక్కల్లో ఎక్కువ శాతం బండి లేకుండనే బతుకుతయ్. కాకపోతే చిట్టి 16 కేజీలు, వయసు చిన్నది, పోయింది వెనక కాలు. మీ లడ్డూ లెక్క వేరే, అది గూడ చెప్తున్న.

ఫ్లోరింగ్ మాత్రం ఇయ్యాలనే చూడు అక్కా. గ్రానైట్ మీద మూడు కాళ్ళ కుక్కని నడిపించుడంటే దానికి రోజూ భయం నేర్పినట్టే. రెండు మూడు సార్లు జారి పడ్డదంటే లేవడానికే జంకుతది, మనమేమో నడవలేకపోతుందని అనుకుంటం. వాడు పండే జాగ నుంచి నీళ్ళ గిన్నె దాక, అక్కడ్నుంచి బాల్కనీ దాక, తలుపు దాక వరుసగా రబ్బరు మ్యాట్లు పరువు, మధ్యల ఖాళీ ఉండొద్దు. పిల్లలు ఆడుకునే ఫోమ్ పలకలు ఒకదాంట్లో ఒకటి ఇరికించేవి దొరుకుతయ్, అవి గూడ మంచిగ పట్టుకుంటయ్. కొబ్బరి పీచు పట్టా వేస్తే కింద జారకుండ అడుగున రబ్బరు ఉండాలె. కాలి గోర్లు కత్తిరించు, పాదం మెత్తల మధ్యల పెరిగిన వెంట్రుకలు గూడ తీసెయ్, ల్యాబ్‌లకి అవి పెరిగితే సాక్సులు తొడుక్కొని బండల మీద నడిచినట్టే ఉంటది.

తిరుపతి_పశువైద్యుడు:

లడ్డూ వాళ్ళక్క గారూ, నేను పశువైద్యుణ్ణి, చదివింది తిరుపతిలో, చిన్న జంతువుల సర్జరీ చేస్తుంటాను. మీ కుక్కని చూడకుండా మందులు చెప్పను, బండి విషయం మాత్రం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బులు పెట్టి తప్పు బండి కొని కుక్కకి కొత్త నొప్పి తెచ్చుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

కుక్క బరువు నాలుగు కాళ్ళ మీద సమానంగా పడదు. తల, మెడ, ఛాతీ అంతా ముందుంది కాబట్టి సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీద, 40 శాతం వెనక కాళ్ళ మీద ఉంటుంది. మల్లేశ్ గారి చిట్టి అంత తొందరగా లేచి తిరగడానికి అదొక కారణం. మీ లడ్డూకి ఇదివరకు ఒక్కో ముందు కాలు 30 శాతం మోసేది, ఇప్పుడు మిగిలిన ఆ ఒక్క ఎడమ కాలు ఊరికే నిలబడినప్పుడే 40 శాతం పైన మోస్తోంది, అంటే 38 కేజీల్లో 15 కేజీల పైచిలుకు ఒక్క భుజం, ఒక్క మోచెయ్యి, ఒక్క మణికట్టు మీద పడుతోంది. గెంతి దిగినప్పుడు ఇంకా ఎక్కువ. అందుకే హాల్లో సగం దూరం వెళ్ళి కూలబడుతున్నాడు, వాడు బద్ధకించట్లేదు, ఆ కాలు అలిసిపోతోంది.

అందుకని బండి కొనే ముందు చూడాల్సింది పోయిన కాలిని కాదు, మిగిలిన మూడు కాళ్ళని. ల్యాబ్రడార్లలో మోచేతి కీలు, తుంటి కీలు ఎదిగే వయసులో సరిగ్గా కుదరకపోవడం బాగా కనిపించే జబ్బు, ఏడేళ్ళకి అక్కడ అరుగుదల మొదలై ఉండొచ్చు. ఎడమ మోచేతికి, రెండు తుంటి కీళ్ళకి ఎక్స్‌రే తీయించారా? తీయించకపోతే తీయించండి, మీకు అందుబాటు దూరంలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కీళ్ళు బాగున్నాయనుకోండి, బరువు తగ్గించి, కండ పెంచితే బండి లేకుండానే ఇంట్లో తిరుగుతాడు. మోచెయ్యి అరిగిపోయి ఉంటే మాత్రం బండి మంచి ఆలోచనే, దాన్ని ఎంత తొందరగా మొదలుపెడితే ఆ కాలు అంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక బండ్లు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికేవన్నీ దాదాపు వెనక బండ్లే. వాటిలో నడుముని చక్రాలు మోస్తాయి, లాగే పని మొత్తం ముందు కాళ్ళది. రెండు ముందు కాళ్ళూ గట్టిగా ఉన్న కుక్కకే అది పనికొస్తుంది. లడ్డూకి అది తగిలిస్తే ఉన్న ఒక్క ముందు కాలు వాడి బరువుతో పాటు బండిని కూడా లాగాలి, అస్సలు వద్దు. పైగా వాటికి పడిపోయిన కాళ్ళు ఈడ్చుకుపోకుండా పైకి ఎత్తి కట్టే పట్టీలుంటాయి, పనిచేసే కాలుని అలా ఎత్తి కడితే కండ కరిగిపోతుంది. వెనక కాలు ఒకటి తీసేసినవాళ్ళు కూడా ఇది గమనించాలి, మిగిలిన కాలు నేలకి తగులుతూ, మోకాలు కొంచెం వంగి, పాదం పూర్తిగా ఆనేలా ఎత్తు పెట్టుకోవాలి.

మీకు కావల్సింది ముందు బండి, అంటే ఒంటి ముందు భాగాన్ని మోసేది. ఛాతీ కింద మెత్తటి జోలె లాంటిది ఉంటుంది, చక్రాలు భుజాలకి అటూ ఇటూ వస్తాయి, ఎడమ కాలు నేల మీదే ఉండి దారి చూపిస్తుంది, వెనక కాళ్ళు తోస్తాయి. దీన్లో ఇబ్బంది ఏంటంటే తిప్పడం, ఆపడం నేర్చుకోడానికి కుక్కకి టైం పడుతుంది. వెనక కాళ్ళు కూడా బలహీనంగా ఉంటేనే నాలుగు చక్రాలది. అది మొత్తం శరీరాన్ని మోస్తుంది కాబట్టి బాగా బలహీనమైన, ముసలి కుక్కలకి మంచిది, కానీ బరువు, ఇరుకు సందుల్లో తిరగదు, మీ అపార్ట్‌మెంట్ హాల్లో సోఫాలకి గుద్దుకుంటూ ఉంటుంది.

కృత్రిమ కాలు గురించి అడగలేదు కానీ తర్వాత ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. జైపూర్‌లో డాక్టర్ తపేష్ మాథుర్ గారు కృష్ణా లింబ్ పేరుతో ఆవులకి, దూడలకి పెడుతున్నారు, అది నిజమే. కానీ దానికి తగిలించడానికి కాలు కొంత మిగిలి ఉండాలి. మీవాడికి భుజం రెక్కతో సహా తీసేశారు, తగిలించే చోటే లేదు. అంత పైకి తీయడం తప్పు కాదు, ముందు కాలికి సాధారణంగా అలాగే చేస్తాం, మొండి మిగిలితే నేలకి కొట్టుకుని పుండు పడుతుంది.

బరువు తగ్గించడం అన్నిటికన్నా ముఖ్యం. మగ ల్యాబ్‌కి 29 నుంచి 36 కేజీల మధ్య ఉండాలంటారు, మూడు కాళ్ళవాడు అందులో కింది వైపు ఉంటేనే మంచిది. వారానికి ఒంటి బరువులో ఒక శాతం, మహా అయితే రెండు శాతం, అంతకన్నా వేగంగా వద్దు. చేత్తో నిమిరితే పక్కటెముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుము కనపడాలి. మీ అమ్మగారు పెరుగన్నం పెడుతుంటే కొలిచి పెట్టమనండి.

ఇంకోటి, ఉన్నట్టుండి కెవ్వుమని అరిచినా, ఆపరేషన్ చేసిన చోటు కొరుక్కుంటున్నా లేని కాలు నొప్పి పుడుతోందేమో, దానికి మందులున్నాయి, మీ డాక్టర్‌కి చెప్పండి. మనం వేసుకునే ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వెయ్యకండి, కుక్కకి కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

గుంటూరు_శీను:

డాక్టర్ గారు మొత్తం చెప్పేశారు, నేను బండి తయారీ గురించి చెప్తాను. మా వీధి కుక్క రాజాకి వెనక కాలు ఒకటి తీసేశారు, రెండోదానికి కూడా బలం లేదు, అందుకని పీవీసీ పైపులతో నేనే కట్టాను. ముప్పావు అంగుళం పైపు, పైపులు కలిపే ఎల్‌బోలు, టీలు, పిల్లల సైకిల్ చక్రాలు రెండు, ఇరుసుకి మర వేసిన రాడ్డు, వదులైపోకుండా నైలాన్ లాక్ నట్లు, పడుకోబెట్టే జోలెకి పాత జీన్స్ ప్యాంటు, బ్యాగు బెల్టులు క్లిప్పులతో సహా. మొత్తం వెయ్యి పదిహేను వందల్లో అయిపోయింది. పైపులు అంటించే సొల్యూషన్ పూసే ముందు ఊరికే బిగించి కుక్కకి తొడిగి నడిపించి చూస్కోవాలి, ఎందుకంటే మొదటిసారి కొలత ఎప్పుడూ కొంచెం తేడా వస్తుంది, అంటించాక పైపు కొయ్యడం తప్ప ఇంకేం చెయ్యలేం.

కానీ అక్కా, లడ్డూకి పీవీసీ వద్దు. రాజా 14 కేజీలు. 38 కేజీల కుక్క ఛాతీ బరువంతా ముందుకి పడితే పైపు వంగుద్ది, ఎండకి కొన్నాళ్ళకి పెళుసెక్కి పుటుక్కున విరుగుద్ది, విరిగిన పీవీసీ అంచు కత్తిలా ఉంటది, అది పొట్ట కింద ఉంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇనుము బరువు. మీ ఊళ్ళో అల్యూమినియం కిటికీలు తలుపులు చేసే షాపు ఉంటది కదా, ఫోటోలు కొలతలు తీసుకెళ్ళి చూపించండి, వాళ్ళ దగ్గర మిగిలిన ముక్కలతోనే చేసేస్తారు. ఎత్తు, వెడల్పు రెండూ మార్చుకునేలా వరుసగా బెజ్జాలు వేయించి బోల్టులు పెట్టించండి, రివిట్లు కొట్టించేస్తే తర్వాత కదపలేరు. లడ్డూ బరువు తగ్గాక ఛాతీ చుట్టుకొలత మారిపోద్ది, అప్పుడు బండి కూడా మారాలి కదా.

చక్రాలు మాత్రం చిన్నవి పెట్టొద్దు. ఆఫీస్ కుర్చీ చక్రాల్లాంటివి గ్రానైట్ మీద బానే తిరుగుతాయి, రోడ్డు మీద కంకర రాయి ఒకటి అడ్డం వస్తే బండి అక్కడే ఆగిపోద్ది, కుక్క ముందుకి బోర్లా పడుద్ది. మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు, డ్రైనేజీ పలకల మధ్య సందులు ఎన్నుంటాయో తెలిసిందే.

లడ్డూ_వాళ్ళక్క:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. వెనక బండి ఆలోచన వదిలేశాం. మ్యాట్లు నిన్ననే తెచ్చి పరిచాం, మల్లేశ్ గారూ మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం, ఒక్క పూటలో తేడా తెలిసిపోయింది, మ్యాట్ మీద ఉన్నంతసేపు ఆగకుండా వంటింటి దాకా వచ్చేశాడు, మ్యాట్ అయిపోయిన చోట ఆగి మా వైపు చూస్తున్నాడు. గన్నవరం తీసుకెళ్తున్నాం ఈ వారంలో.

డాక్టర్ గారూ, ముందు బండికి ఏయే కొలతలు తీసుకోవాలి? ఆ ఆరు మెట్లు అమ్మ ఎలా దింపాలి వాడిని?

డాలస్_పద్మ:

లడ్డూ వాళ్ళక్కా, మెట్ల గురించి నేను చెప్తాను, ఎందుకంటే మా షాడోకి బండి కన్నా ఎక్కువ ఉపయోగపడింది హార్నెస్, అంటే కుక్క ఒంటికి తొడిగే పట్టీల జాకెట్ లాంటిది. షాడో జర్మన్ షెపర్డ్, ఎముక క్యాన్సర్ వచ్చి వెనక కాలు తీయాల్సొచ్చింది. వీపు మీద గట్టి పిడి ఉండే హార్నెస్ ఒకటి తీసుకోండి, లడ్డూకి ముందు భాగం ఎత్తేది చాలు. ఎత్తడం అంటే మొత్తం మోయక్కర్లేదు, దిగేటప్పుడు ముందు బరువుని కొంచెం ఆపి పట్టుకుంటే చాలు. ముందు కాలు లేనివాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టం, బరువంతా ఒక్క కాలి మీద పడి బోర్లా పడతారు. కొనేముందు ఒకటి చూడండి, మామూలు హార్నెస్ రెండు కాళ్ళు దూర్చేలా ఉంటుంది, కాలు లేని వైపు జారిపోతుంది, పైగా పట్టీ సరిగ్గా కుట్లు వేసిన చోటే ఒరుసుకుంటుంది. ఛాతీని వెడల్పుగా చుట్టేది, లోపల మెత్త ఉన్నది చూడండి. మెట్ల పక్కన జాగా ఉంటే అసోసియేషన్‌ని అడిగి చెక్కతో ఏటవాలు వేయించుకుంటే ఇంకా మంచిది, మీ అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళకి కూడా పనికొస్తుంది.

బండి వాడితే నడక మర్చిపోతాడా అని అడిగారు కదా. మేం షాడోకి బండి వెంటనే కొనలేదు, చాలా నెలలు మూడు కాళ్ళ మీదే బాగా తిరిగాడు, తర్వాత మిగిలిన తుంటి నొప్పి మొదలయ్యాక వాకిన్ వీల్స్ అనే బ్రాండ్ బండి తీసుకున్నాం. ఇంట్లో బండి లేకుండా, పార్కుకి వెళ్ళినప్పుడు మాత్రం బండితో. మర్చిపోవడం కాదు, దూరం వెళ్ళగలిగాడు కాబట్టి ఒంట్లో కండ నిలబడింది. రోజంతా బండిలో ఉంచితేనే సమస్య.

ఇక్కడి బ్రాండ్ ఇండియాకి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి చాలా అవుతుంది. తెలిసినవాళ్ళెవరైనా వస్తుంటే చెప్పండి, చాలా బండ్లు విడదీస్తే చదునుగా మడత పడతాయి, సూట్‌కేసులో పట్టేస్తాయి. సెకండ్ హ్యాండ్‌వి బోలెడు దొరుకుతాయి, కుక్క వెళ్ళిపోయాక ఆ బండి ఇంట్లో పెట్టుకోలేక ఇచ్చేసేవాళ్ళు ఉంటారు, మేం కూడా అలాగే ఇంకో కుక్కకి ఇచ్చేశాం. ఇంగ్లీష్ చదవగలిగితే ట్రైపాడ్స్ (Tripawds) అనే మూడు కాళ్ళ కుక్కల సైట్ చూడండి, జెర్రీ అనే జర్మన్ షెపర్డ్‌కి ముందు కాలు తీసేశాక వాళ్ళవాళ్ళు 2006లో మొదలుపెట్టారు, ముందు కాలు పోయిన పెద్ద కుక్కల అనుభవాలు అక్కడ చాలా ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టనప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది అవే.

తిరుపతి_పశువైద్యుడు:

పద్మ గారు చెప్పిన హార్నెస్ మాట బంగారం, ముందు అది తీసుకోండి, బండి తర్వాత.

కొలతలు తీసేటప్పుడు లడ్డూని పక్క నుంచి ఒకళ్ళు పట్టుకుని నిటారుగా నిలబెట్టాలి, కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో తీస్తే పనికిరావు. నేల నుంచి ఛాతీ ఎముక అడుగు దాకా ఎత్తు, నేల నుంచి భుజాల పైభాగం దాకా ఎత్తు, మోచేతి వెనకగా ఛాతీ చుట్టుకొలత, ఛాతీ అడ్డం వెడల్పు, ఛాతీ ముందు నుంచి తోక మొదలు దాకా పొడవు, ఆ రోజు బరువు. ఇప్పుడు వాడు ముందుకి ఒంగి నిలబడుతుంటాడు కాబట్టి వీపు నేలకి సమాంతరంగా వచ్చేదాకా చేత్తో కొంచెం ఎత్తి అప్పుడు కొలవండి, లేకపోతే బండి పొట్టిదైపోతుంది. పక్క నుంచి, ముందు నుంచి ఫోటోలు తీసి చేసేవాళ్ళకి పంపండి.

బండి వచ్చాక తొడిగి చూస్తే వీపు తిన్నగా ఉండాలి, ముందు ఎత్తయితే నడుము మీద భారం, ముందు పల్లమైతే బండి వేసి లాభం లేదు. జోలె ఆపరేషన్ మచ్చ మీద ఒరుసుకోకూడదు, చంకలో కొయ్యకూడదు. మగవాడు కాబట్టి మూత్రం పోసుకోడానికి పొట్ట కింద పట్టీలు అడ్డం లేకుండా చూడండి, చాలామంది ఇది మర్చిపోతారు. బండి తీసిన ప్రతిసారీ చర్మం నిమిరి చూడాలి, ఎక్కడైనా ఎర్రబడి ఉంటే, వెంట్రుకలు రాలుతుంటే అక్కడ ఒత్తుతోందని అర్థం.

మొదట్లో ఐదు పది నిమిషాలు చాలు, నెమ్మదిగా అరగంట దాకా పెంచండి. బండిలో ఉండగా కుక్క పడుకోలేదు, అందుకని తగిలించి వదిలేసి పనిలో పడకూడదు, పక్కన మనిషి ఉండాలి. మీ అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు బండి వద్దు.

నీళ్ళ గిన్నె, అన్నం గిన్నె ఛాతీ ఎత్తుకి స్టూలు మీద పెట్టండి, కిందకి వంగినప్పుడల్లా ఆ ఒక్క మణికట్టు మీద బరువు పడుతోంది.

లడ్డూ_వాళ్ళక్క:

అప్‌డేట్ ఇద్దామని వచ్చానండి. గన్నవరంలో ఎక్స్‌రే తీశారు. తుంటి కీళ్ళు బాగున్నాయి, ఎడమ మోచేతిలో మాత్రం అరుగుదల మొదలైందన్నారు. అంటే డాక్టర్ గారు అనుమానించినట్టే. ఇంట్లో బండి వద్దు, బయట నడకకి మాత్రం ముందు బండి వాడండి అన్నారు, నొప్పికి మందు రాశారు, 32 కేజీలకి దింపమన్నారు. హార్నెస్ వచ్చేసింది, అమ్మ దాన్ని పట్టుకుని మెట్లు దింపేస్తోంది, మొదట రెండు రోజులు వాచ్‌మన్ సాయం పట్టాడు, ఇప్పుడు తనే చేసుకుంటోంది.

బండి ఇక్కడే మెయిన్ రోడ్డు వెనక అల్యూమినియం షాపాయనతో చేయించాం, శీను గారు చెప్పినట్టు బోల్టులతో, ఆయన ఎప్పుడూ ఇలాంటిది చెయ్యలేదు కానీ లడ్డూని చూశాక లేబర్ ఛార్జి తీసుకోనన్నారు. మెటీరియల్‌కి మూడు వేల పైన అయింది. ఎత్తు సరిపోయింది, ఒరుసుకోవట్లేదు. కానీ బండి తగిలిస్తే చాలు బొమ్మలా నిలబడిపోతున్నాడు, అడుగు కదపడు, చెవులు వెనక్కి పెట్టి మమ్మల్నే చూస్తాడు. నాన్నగారు వాడికి ఇష్టం లేదురా తీసెయ్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

గుంటూరు_శీను:

రాజా కూడా అంతే అక్కా, భయపడకండి. మొదట బండి తగిలించకుండా పక్కన పెట్టి దాని దగ్గరే అన్నం పెట్టండి, వాసన చూడనివ్వండి, చక్రాల చప్పుడు అలవాటు కానివ్వండి. తర్వాత తగిలించి ఒక్క అడుగు దూరంలో వాడికి బాగా ఇష్టమైంది చూపించండి, అడుగేస్తే పెట్టెయ్యండి, ఆ రోజుకి చాలు, తీసెయ్యండి. వెనక నుంచి నెట్టొద్దు, బండి తనంతట తానే కదిలితే ఇంకా బెదురుద్ది. మొదటి రోజుల్లో పొద్దున్నే మట్టి నేల మీదో గడ్డి మీదో చెయ్యండి, సిమెంటు రోడ్డు మీద చక్రాలు జర్రున పోతాయి, వాడికి ఆపడం రాదు కదా ఇంకా.

మారేడ్‌పల్లి_మల్లేశ్:

వేరే కుక్క దోస్తు ఉంటే ముందట నడిపించు అక్కా, దాని వెనక ఉరుకుతడు. ఎండాకాలం వచ్చేస్తుంది, పొద్దుగాల ఏడు లోపే తీస్కపో. రోడ్డు కాలితే మనం చెప్పు తొడుక్కుంటం, వాడికి ఉన్నయి మూడే పాదాలు, ఒకటి కాలి బొబ్బ లేచిందంటే నడక పూర్తిగ ఆగిపోతది. అరచెయ్యి వెనక భాగం రోడ్డు మీద పెట్టి ఓ ఏడెనిమిది సెకండ్లు ఉంచు, నువ్వు ఉంచలేకపోతే వాడు నడవలేడు.

లడ్డూ_వాళ్ళక్క:

శీను గారూ, మామిడి ముక్క పనిచేసిందండి! తాండ్ర కూడా కాదు, పండు ముక్కే, వాడికి అదంటే ప్రాణం. గోదావరి గట్టు దగ్గర గడ్డి మీద నిన్న ముందు రెండడుగులు, ఇవాళ ఆ చివర బెంచీ దాకా వెళ్ళాడు, మధ్యలో ఒకసారి ఆగి కాలు ఎత్తబోయి ఎత్తలేక నిలబడే పోసుకున్నాడు, పట్టీలు ఏం తడవలేదు. డాక్టర్ గారూ, మామిడి ముక్కలు కూడా బరువు లెక్కలోకి తీసుకోవాలా? ఇంకా కుడి చక్రం కొంచెం పక్కకి లాగుతున్నట్టుంది, కాలు లేని వైపు బరువు పడటం వల్లా, లేక షాపులో ఇరుసు వంకరగా పెట్టారా?

తిరుపతి_పశువైద్యుడు:

తీసుకోవాలండి, తీపి కదా. టెంక పొరపాటున కూడా అందనివ్వకండి, పేగులో అడ్డుపడితే మళ్ళీ ఆపరేషనే. రెండు మూడు చిన్న ముక్కలు పర్లేదు, ఆ మేరకు అన్నం తగ్గించండి, నడక వచ్చాక వాటి బదులు కీరా ముక్కలకి మార్చెయ్యండి.

చక్రం సంగతి, కుక్క లేకుండా ఖాళీ బండిని చదును నేల మీద నెట్టి చూడండి. అప్పుడూ పక్కకి పోతే ఇరుసు తేడా, షాపాయన సరిచేస్తారు. ఖాళీగా తిన్నగా పోయి లడ్డూతో మాత్రమే లాగుతుంటే వాడు జోలెలో కుడి పక్కకి ఒరుగుతున్నాడన్నమాట, ఆ వైపు కండ లేదు కాబట్టి ఖాళీ ఉంటుంది. ఖాళీ ఉన్న చోట ఫోమ్ ముక్క గుడ్డలో చుట్టి జోలె లోపల కుట్టించండి. మచ్చ మీదకి రాకుండా దానికి కొంచెం కిందగా. కుట్టించాక ముందు నుంచి ఒక వీడియో పెట్టండి, చూసి చెప్తాను.